పాత కారులో ఒకసారి ఛార్జింగ్ అవుతుంది, ఒకసారి అవదు: ఎక్కడ వెతకాలి

మీరు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. ఇరవై ఏళ్ల నాటి పెట్రోల్ కారు, పొద్దున బయల్దేరినప్పుడు అంతా బాగుంటుంది, గంటసేపు నడిపాక డాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు సన్నగా వెలుగుతుంది, కాసేపటికి దానంతట అదే ఆరిపోతుంది. అప్పుడప్పుడు పొద్దున్నే సెల్ఫ్ తిరగదు. బ్యాటరీ కొత్తది వేశారు, ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్ బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం, విప్పి బెంచీ మీద తిప్పి చూసి బాగానే ఉందన్నారు. అయినా సమస్య పోలేదు కాబట్టి ఆల్టర్నేటర్ కూడా మార్చేయాలా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. బెంచీ మీద బాగుందంటే దానికున్న అర్థం చాలా చిన్నది: చల్లగా ఉన్నప్పుడు, కుదుపులు లేనప్పుడు, మీ కారు వైర్లు తగిలించనప్పుడు అది బాగుంది, అంతే. మీ కారులో తేడా వస్తోంది వేడెక్కాక. పైగా ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ దాకా ఉన్న దారిని బెంచీ మీద ఎవరూ చూడలేదు. నా అనుభవంలో పాత కార్లలో వచ్చిపోయే ఛార్జింగ్ సమస్యల్లో సగానికి సగం ఆ దారిలోనే ఉంటాయి, ఆల్టర్నేటర్‌లో కాదు.

వచ్చిపోయే లోపమంటే దాదాపు ఎప్పుడూ ఏదో ఒకచోట కాంటాక్ట్ తెగి మళ్లీ కలుస్తోందని. అది వేడికి తెగుతుందా, కుదుపుకా, లోడు పెరిగితేనా, తడికా అనేది ముందు తేల్చుకోవాలి. అందుకని మొదట చేయాల్సింది పానాలు తీయడం కాదు, చిన్న పుస్తకంలో రాసుకోవడం. లైటు వచ్చిన ప్రతిసారీ బండి ఎంతసేపటి నుంచి నడుస్తోంది, హెడ్‌లైట్లు, ఏసీ వేసి ఉన్నాయా, గుంతలో పడ్డాకా, వానలోనా, ఆగి ఉన్నప్పుడు వచ్చి రేసు చేస్తే పోయిందా, లేక రేసు చేస్తే ఇంకా గట్టిగా వెలిగిందా. ఈ చివరి రెండూ పూర్తిగా వేర్వేరు జబ్బులు. స్లోలో, అంటే ఎక్సలేటర్ నొక్కనప్పుడు, వచ్చి ఆర్‌పీఎం (ఇంజిన్ వేగం) పెంచగానే పోతే ఉత్పత్తి చాలడం లేదని, బెల్టు, కార్బన్లు (ఆల్టర్నేటర్‌లో తిరిగే భాగానికి కరెంటు చేర్చే ముక్కలు), ఒక డయోడు (కరెంటుని ఒక వైపే పోనిచ్చే భాగం) పోవడం, లేదా స్లో మరీ తక్కువగా సెట్ చేయడం. వేగంతో పాటు లైటు పెరిగితే ఆల్టర్నేటర్ కరెంటు తీస్తోంది గానీ దారిలో పోగొట్టుకుంటోందని అనుమానించాలి, లేదా బెల్టు జారుతోందని.

రెండో మాట. లోపం ఉన్న క్షణంలో తీసిన ఒక్క కొలత, లోపం లేనప్పుడు తీసిన వంద కొలతల కంటే విలువైనది. చాలామంది షాపుకి తీసుకెళ్లేసరికి లైటు ఆరిపోతుంది, అక్కడ మీటరు పెడితే 14.2 చూపిస్తుంది, బాగుంది తీసుకెళ్లండి అంటారు. వాళ్ల తప్పేం లేదు, ఆ నిమిషానికి నిజంగానే బాగుంది. కాబట్టి మీటరు మీతో పాటు ప్రయాణం చేయాలి.

దానికి ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, కొన్ని మీటర్ల సన్న వైరు, రెండు మూడు చిన్న ఫ్యూజు హోల్డర్లు చాలు. బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి ఒక వైరు, ఆల్టర్నేటర్ వెనకున్న లావు బోల్టు, అదే బి ప్లస్ అంటారు, అక్కడి నుంచి ఇంకో వైరు, బ్యాటరీ నెగటివ్ నుంచి మూడోది, ఈ మూడూ బానెట్ పక్క నుంచో ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు) రబ్బరు బుష్ లోంచో లోపలికి తెచ్చుకోండి. పాజిటివ్ వైర్లు రెండింటికీ అవి మొదలయ్యే చోటే, బ్యాటరీ దగ్గరా ఆల్టర్నేటర్ దగ్గరా, ఒక ఆంపియర్ ఫ్యూజు తప్పనిసరి. ఆ బి ప్లస్ బోల్టు ఇంజిన్ ఆపినా బ్యాటరీకి నేరుగా కలిసే ఉంటుంది, స్పానర్ తగిలి బాడీకి ఆనిందంటే వెల్డింగే. అందుకే అక్కడ చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ క్లాంపు తీసేయండి. వైర్లు బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా కట్టండి. మీటరు చూసేది పక్క సీటులో కూర్చున్నవాళ్లు, నడిపే మీరు కాదు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న వోల్ట్‌మీటర్లు హెచ్చరికకి బాగా పనికొస్తాయి గానీ వాటి అంకె బ్యాటరీ దగ్గరి అంకె కంటే కొంత తక్కువే ఉంటుంది, వాటిని చూసి నిర్ధారణకి రావద్దు.

ఇవన్నీ చేసే ముందు ఆ కొత్త బ్యాటరీని బయటి ఛార్జర్ పెట్టి పూర్తిగా ఛార్జ్ చేయండి. ఇది చాలామంది దాటేస్తారు. సగం ఖాళీ అయిన బ్యాటరీ కరెంటు తెగ లాగుతుంది, స్లోలో వోల్టేజీ పైకి లేవనివ్వదు, ఆల్టర్నేటర్ మంచిదైనా చెడ్డదిలా కనిపిస్తుంది. కొన్ని గంటలు కదపకుండా ఉంచాక పూర్తి ఛార్జ్ ఉన్న మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.4 అంటే సుమారు ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. ఎంత ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్లుల్లో ఒకటి షార్ట్ అయినట్టు, కొత్తదైనా సరే వారంటీలో మార్చుకోవాల్సిందే.

ఇంజిన్ నడుస్తూ 1500 నుంచి 2000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ పోస్టుల మీద 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్లు, వెనక అద్దం హీటర్ ఉంటే అదీ వేసినా 13.5 కి కింద పడకూడదు. బాగా వేడెక్కాక 13.7, 13.8 కి దిగితే కంగారు పడొద్దు, చాలా రెగ్యులేటర్లు, అంటే ఆల్టర్నేటర్ వోల్టేజీని అదుపు చేసే భాగాలు, వేడిని బట్టి కావాలనే వోల్టేజీ తగ్గిస్తాయి. 15 దాటితే అది వేరే జబ్బు, ఓవర్ ఛార్జింగ్. ఒక మినహాయింపు: 2000 సంవత్సరం తర్వాత వచ్చిన కొన్ని మోడళ్లలో ఛార్జింగ్‌ని ఇంజిన్ కంప్యూటరే నడిపిస్తుంది, వాటిలో వోల్టేజీ 12.5 కి దిగడం, 14.8 కి ఎక్కడం మామూలే. మీది ఆ రకమో కాదో మాన్యువల్‌లో చూసుకోండి.

ఇప్పుడు అసలు పరీక్ష. లైటు వెలిగిన క్షణంలో రెండు అంకెలు కావాలి, బ్యాటరీ దగ్గర ఎంత, బి ప్లస్ దగ్గర ఎంత. బి ప్లస్ దగ్గర 14 దాటి ఉండి బ్యాటరీ దగ్గర 12.4 ఉంటే ఆల్టర్నేటర్ నిర్దోషి, తేడా అంతా మధ్య వైరులో ఉంది. రెండు చోట్లా 12.3 ఉంటే ఉత్పత్తే ఆగింది, అప్పుడు బెల్టు, ఎక్సైటేషన్ (ఉత్పత్తి మొదలుపెట్టడానికి ఇచ్చే కాస్త కరెంటు), కార్బన్లు, రెగ్యులేటర్ వైపు వెళ్లాలి. నెగటివ్ కొలత బ్యాటరీ పోస్టు నుంచే తీసుకుంటున్నారు కాబట్టి ఎర్త్ వైపు, అంటే కరెంటు ఇంజిన్, బాడీ మీదుగా నెగటివ్‌కి కలిసే దారిలో, లోపం ఇందులో నేరుగా కనపడదు, దాన్ని విడిగా చూడాలి, కింద చెప్తాను. ఈ రెండు అంకెలతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది, అది కూడా ఒక్క పార్టూ కొనకుండా.

దారి గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పు పరీక్ష చేసేది ఇక్కడే. వైరు బాగుందో లేదో చూడటానికి బీప్ శబ్దం పెట్టో ఓమ్స్‌లో పెట్టో చూస్తారు. ఇరవై పోగుల వైరులో పందొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా ఆ పరీక్షలో పాస్ అవుతుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు అతి కొంచెం. అదే వైరులో 40 ఆంపియర్లు పోవాల్సి వచ్చినప్పుడే దాని బండారం బయటపడేది. కాబట్టి కరెంటు పారుతుండగా వైరు రెండు చివర్ల మధ్య ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడాలి, దీన్నే వోల్టేజీ డ్రాప్ అంటారు. ఇంజిన్ 2000 దగ్గర, లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి, మీటరు ఎర్ర ముల్లు ఆల్టర్నేటర్ బి ప్లస్ బోల్టు మీద, నల్ల ముల్లు బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, మధ్యలో ఉన్న సీసం పోస్టు మీదే. 0.2, 0.3 వోల్టులు వస్తే సరే. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో అడ్డంకి ఉంది. తర్వాత ఎర్ర ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, నల్ల ముల్లు ఆల్టర్నేటర్ బాడీ మీద రంగు లేని చోట. ఇక్కడ 0.1, మహా అయితే 0.2. అంతకు మించితే ఎర్త్.

అడ్డంకి ఉందని తేలితే ముల్లుని ఒక్కో జాయింటు దాటిస్తూ రండి, అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో ఆ జాయింటే దొంగ. పాత కార్లలో ఎక్కువగా దొరికే చోట్లు చెప్తాను. మొదటిది ఫ్యూజిబుల్ లింకు, బ్యాటరీ దగ్గర లావు ఫ్యూజు రూపంలోనో ప్రత్యేకమైన వైరు ముక్కగానో ఉంటుంది. బోల్టు బిగించే రకంలో బోల్టు వదులైతే చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకి తిరుగుతుంది. వైరు రకంలో పైన ఇన్సులేషన్ బాగానే ఉండి లోపల తెగి ఉంటుంది, మెల్లగా లాగితే రబ్బరులా సాగుతుంది, అంటే లోపల రాగి లేదు. రెండోది ఆల్టర్నేటర్ దగ్గర వైరుకి నొక్కిన కన్ను, అంటే రింగు టెర్మినల్. ఇంజిన్ వేడికి, వణుకుకి అక్కడ పోగులు నల్లబడి ఒక్కొక్కటే తెగుతాయి. మూడోది బ్యాటరీ క్లాంపు లోపలి ముఖం, పైకి మెరుస్తూనే ఉంటుంది, విప్పితే లోపల నల్లటి పొర. నాలుగోది ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే అల్లిక ఎర్త్ పట్టీ. ఏ క్లచ్ పనికో గేర్‌బాక్సు దించినప్పుడు ఈ పట్టీని తిరిగి బిగించడం మర్చిపోతారు, కరెంటు మిగిలిన దారులు వెతుక్కుంటుంది. అప్పుడు సెల్ఫ్ కూడా బరువుగా తిరుగుతుంది, ఎక్సలేటర్ కేబులు, గేరు కేబులు వేడెక్కుతాయి, టెంపరేచర్ ముల్లు లైట్లు వేయగానే కదులుతుంది. ఎర్త్ మీద అనుమానం ఉంటే సులువైన చిట్కా ఒకటుంది: ఇంజిన్ ఆపి ఒక జంపర్ కేబులు తీసుకుని ఇంజిన్ బ్లాకు నుంచి బ్యాటరీ నెగటివ్ పోస్టుకి తగిలించి, బెల్టుకి తగలకుండా పక్కకి కట్టి స్టార్ట్ చేసి చూడండి. సమస్య మాయమైతే జవాబు దొరికినట్టే.

ఇక మీ లైటు సన్నగా వెలగడం గురించి. ఇది చాలా మంచి క్లూ, పూర్తిగా వెలగకపోవడం మీ అదృష్టం. పాత పద్ధతి ఆల్టర్నేటర్లలో ఆ లైటు ఒక చివర ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే కరెంటు, రెండో చివర ఆల్టర్నేటర్ డి ప్లస్ టెర్మినల్. తాళం తిప్పగానే బల్బు లోంచి వెళ్లే ఆ కాస్త కరెంటే రోటర్‌ని, అంటే ఆల్టర్నేటర్‌లో తిరిగే భాగాన్ని, అయస్కాంతంగా మార్చి ఉత్పత్తిని మొదలుపెడుతుంది. ఉత్పత్తి మొదలయ్యాక డి ప్లస్ కూడా బ్యాటరీ స్థాయికి ఎక్కుతుంది, రెండు చివర్లా వోల్టేజీ సమానమైపోయి లైటు ఆరిపోతుంది. అంటే సన్నగా వెలుగుతోందంటే రెండు చివర్ల మధ్య రెండు మూడు వోల్టుల తేడా ఉందన్నమాట. ఆ తేడా ఏ వైపు నుంచి వచ్చిందన్నదే ప్రశ్న.

లైటు సన్నగా ఉన్నప్పుడు డి ప్లస్, బి ప్లస్ రెండూ కొలవండి. డి ప్లస్ బాగా తక్కువగా ఉండి బి ప్లస్ ఎక్కువుంటే లోపం ఆల్టర్నేటర్ లోపలే, సాధారణంగా రోటర్‌కి కరెంటిచ్చే మూడు చిన్న డయోడ్లలో ఒకటి. రెండూ సమానంగా 14 దగ్గరుండి, ఇగ్నిషన్ నుంచి బల్బుకి వచ్చే వైపు 12 లోపు ఉంటే ఆల్టర్నేటర్‌ని వదిలేయండి, ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్టో, ఫ్యూజు పెట్టెలో కాలిన పిన్నో వోల్టేజీ తినేస్తోంది. స్విచ్ వేడెక్కే కొద్దీ ఇది పెరుగుతుంది, గంట నడిపాకే రావడానికి ఇదొక మంచి కారణం. బి ప్లస్ ఎక్కువగా ఉండి బ్యాటరీ తక్కువగా ఉన్నా కూడా లైటు ఇలాగే సన్నగా వెలుగుతుంది, అది పైన చెప్పిన లావు వైరు కేసు. అయితే మూడు నాలుగు పిన్నుల ప్లగ్గు ఉండి లోపల ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉన్న రకాల్లో లైటుని రెగ్యులేటరే వెలిగిస్తుంది, ఆర్పుతుంది, అక్కడ ఈ లెక్క నేరుగా పనిచేయదు. వాటిలో ఆ ప్లగ్గునే మొదట అనుమానించండి. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైరుని బెల్టుకి దూరంగా ఉండి మెల్లగా కదపండి, మీటరు ఎగిరిపడితే పిన్ను వదులైంది. పైనుంచి ఇంజిన్ ఆయిల్ కారి ప్లగ్గులోకి చేరడం కూడా మామూలే.

ఇదే సందర్భంలో ఇంకో పరీక్ష, తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూడండి, బ్యాటరీ లైటు నిండుగా వెలగాలి. వెలగకపోతే బల్బు పోయుండొచ్చు. పాత రకాల్లో బల్బు పోతే చాలా సార్లు స్టార్ట్ అయ్యాక ఉత్పత్తే మొదలవదు, ఒకసారి గట్టిగా రేసు చేస్తే అప్పుడు మేలుకుంటుంది. ఆ ప్రయాణం వరకు బాగుంటుంది, మళ్లీ ఆపి స్టార్ట్ చేస్తే కథ మామూలే. డాష్‌బోర్డు బల్బులన్నీ తీసి ఎల్‌ఈడీలు వేయించుకున్న కార్లలో కూడా ఇదే చూశాను, ఎల్‌ఈడీ లోంచి పోయే కరెంటు రోటర్‌ని లేపడానికి చాలదు. మీ కారులో అలాంటి మార్పు ఎవరైనా చేశారేమో కనుక్కోండి. కొన్ని జపాన్ కార్లలో ఛార్జింగ్ పోతే బ్యాటరీ లైటుతో పాటు బ్రేకు లైటు కూడా వెలుగుతుంది, రెండూ ఒకే లైనుకి కలిపి ఉంటాయి కాబట్టి. అయినా బ్రేకు ఆయిల్ స్థాయి ఒకసారి చూసుకున్నాకే ఆ మాట అనుకోండి.

బ్యాటరీ దగ్గరా బి ప్లస్ దగ్గరా రెండు చోట్లా వోల్టేజీ పడిపోతుంటే, బెల్టు. దీని మీద ఎక్కువ రాయను. కీచుమంటేనే జారుతోందని కాదు, అద్దంలా నునుపెక్కిన బెల్టు చప్పుడు లేకుండా కూడా జారుతుంది, తడికి, లోడుకి ఇంకా ఎక్కువ. ఇంజిన్ ఆపి, తాళం తీసి, ఆల్టర్నేటర్ పుల్లీని చేత్తో తిప్పి చూడండి, బెల్టు కదలకుండా పుల్లీ మాత్రం జారి తిరిగితే వదులుగా ఉంది. తాళం ఎందుకు తీయమన్నానంటే వేడి మీద రేడియేటర్ ఎలక్ట్రిక్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది. ఉంగరాలు, గడియారం కూడా తీసేయండి.

బెల్టు బాగుంటే కార్బన్లు. రోటర్‌కి కరెంటు చేర్చే రెండు కార్బన్ ముక్కలు స్ప్రింగు బలంతో రాగి రింగుల మీద రాసుకుంటూ ఉంటాయి. అరిగి అరిగి 5 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే స్ప్రింగు పట్టు పోతుంది, గుంత వస్తే ఎగురుతాయి, వేడికి హోల్డర్‌లో ఇరుక్కుంటాయి. లోపం ఉన్నప్పుడు బండి సురక్షితంగా ఆపి ఇంజిన్ నడుస్తుండగానే సుత్తి చెక్క పిడితో ఆల్టర్నేటర్ వెనక భాగం మీద మెల్లగా తట్టండి. అంతే, మళ్లీ ఛార్జింగ్ మొదలైతే నూటికి తొంభై పాళ్లు కార్బన్లే. చాలా మోడళ్లలో కార్బన్లు, రెగ్యులేటర్ కలిపి ఒకే ముక్కగా వస్తాయి, వెనక రెండు మూడు స్క్రూలు విప్పితే వచ్చేస్తాయి. అప్పుడు రింగులు కూడా చూడండి, లోతుగా గాడి పడి ఉంటే కొత్త కార్బన్లు ఎక్కువ కాలం నిలవవు. అవకాశం దొరికింది కాబట్టి రెండు రింగుల మధ్య రోటర్ రెసిస్టెన్స్ కూడా కొలవండి, చాలావాటికి 2 నుంచి 5 ఓమ్స్ మధ్య ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కొలిచి, హెయిర్ డ్రయర్‌తో బాగా వేడి చేసి మళ్లీ కొలవండి. కొంచెం పెరగడం రాగి లక్షణం. ఒక్కసారిగా ఓపెన్, అంటే కరెంటుకి దారే లేదని, చూపిస్తే లోపల రాగి తీగ చుట్ట తెగింది, వేడికి విడిపోయి చల్లారితే అతుక్కుంటోంది, బెంచీ మీద ఎందుకు బాగుందో కూడా అప్పుడు అర్థమవుతుంది. రెగ్యులేటర్‌కీ ఈ హెయిర్ డ్రయర్ మందు పనికొస్తుంది: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి రెగ్యులేటర్ ఉన్న చోట వేడి గాలి ఊదండి, గంట తర్వాత రావాల్సిన లోపం అయిదు నిమిషాల్లో వస్తే నేరస్తుడు దొరికాడు.

పెద్ద డయోడ్లు ఆరుంటాయి, వాటిలో ఒకటి పోయినా వోల్టేజీ 13.5 దాకా కనిపిస్తూ మోసం చేస్తుంది. దీనికి మీటరుని ఏసీ వోల్టుల్లో, అంటే ఆల్టర్నేటింగ్ కరెంటు కొలిచే రేంజిలో పెట్టి, ఇంజిన్ 2000 దగ్గర, హెడ్‌లైట్లు వేసి బ్యాటరీ మీద కొలవండి. 0.1 లోపు ఉంటే బాగు, అర వోల్టు దాటితే డయోడు అనుమానం. కొన్ని చవక మీటర్లు డీసీని కూడా ఏసీలాగా చూపిస్తాయి, అందుకని ముందు ఇంజిన్ ఆపి అదే కొలత తీసి సున్నా వస్తోందో లేదో చూసుకోండి. రేడియోలో ఇంజిన్ వేగంతో పాటు పెరిగే ఈల లాంటి శబ్దం కూడా డయోడు వైపే వేలు చూపిస్తుంది.

డయోడు లీకైతే ఇంకో పని కూడా చేస్తుంది, రాత్రంతా బ్యాటరీని వెనక్కి తాగేస్తుంది. మీకు పొద్దున సెల్ఫ్ తిరగకపోవడానికి అదీ కారణం కావచ్చు. రాత్రంతా ఆపిన బండిలో పొద్దున్నే ఆల్టర్నేటర్ బాడీని తాకి చూడండి, చుట్టూ ఇనుమంతా చల్లగా ఉండి అదొక్కటే గోరువెచ్చగా ఉంటే ఇంకే పరీక్షా అక్కర్లేదు. అయితే మీ రెండు సమస్యలూ ఒకటే అని ముందే అనుకోవద్దు. ఛార్జింగ్ లోపం ఒకటి, రాత్రి కరెంటు లీకు ఇంకొకటి, పాత కారులో రెండూ కాపురం ఉండటం అరుదేం కాదు. లీకు చూడటానికి అన్నీ ఆపి, నెగటివ్ క్లాంపు తీసి, మీటరుని 10 ఆంపియర్ల రేంజిలో క్లాంపుకీ పోస్టుకీ మధ్య పెట్టండి. ఆ స్థితిలో సెల్ఫ్ కొట్టొద్దు, తాళం కూడా తిప్పొద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. అరగంట ఆగి చూస్తే 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి, ఇరవై ఏళ్ల కారైతే ఇంకా తక్కువే ఉండాలి. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి, ఏది తీస్తే తగ్గిందో ఆ లైను. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే నెగటివ్ పూర్తిగా విడిగా పెట్టి బి ప్లస్ వైరు విప్పి, చివర టేపు చుట్టి, మళ్లీ కొలవండి. డిక్కీ లైటు, తర్వాత పెట్టించిన స్టీరియో, అలారం, నా దగ్గరికొచ్చే కేసుల్లో ఎక్కువసార్లు దొరికేవి ఇవే.

ఒక పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసి, ఇంజిన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ మంచిదని తేల్చడం. డైనమోల కాలం నాటి అలవాటు అది. ఆల్టర్నేటర్ లోడు మీద ఉన్నప్పుడు బ్యాటరీని తీసేస్తే వోల్టేజీ ఒక్కసారిగా చాలా పైకి ఎగురుతుంది, రెగ్యులేటర్, డయోడ్లు, ఇంజిన్ కంప్యూటర్, స్టీరియో ఏదైనా పోవచ్చు. పైగా ఆ పరీక్ష చెప్పేది కూడా ఏం లేదు. బ్యాటరీ క్లాంపు వదులుగా ఉన్నా దారిలో ఇదే జరుగుతుంది కాబట్టి క్లాంపుని చేత్తో తిప్పితే కదలకుండా బిగించండి.

మీ స్థానంలో నేనైతే బ్యాటరీ ఛార్జ్ చేసి, క్లాంపులు శుభ్రం చేసి, ముందు ఆ వోల్టేజీ డ్రాప్ రెండు కొలతలూ తీస్తాను, అదయ్యాక వైర్లు లోపలికి లాగి లైటు వచ్చేదాకా తిరుగుతాను. సన్నటి లైటు, వేడెక్కాక రావడం, బెంచీ మీద బాగుండటం, ఈ మూడూ కలిపి చూస్తే నా అనుమానం వరుసగా ఇగ్నిషన్ స్విచ్ లేదా ఫ్యూజు పెట్టె, లావు వైరు, కార్బన్లు. చివరికి ఆల్టర్నేటరే అని తేలితే కూడా కొత్తది కొనేకంటే కార్బన్లు, రెగ్యులేటర్, బేరింగులు వేసి సర్వీసు చేయించడమే నా ఓటు, ఒరిజినల్ బాడీలు ఊరూ పేరూ లేని కొత్తవాటి కంటే గట్టివి. చుట్ట కాలిపోయి ఉంటే మాత్రం వదిలేయండి. ఏది వేసినా పూర్తిగా డౌన్ అయిన బ్యాటరీతో మొదటి రోజే దాన్ని తిప్పొద్దు, బ్యాటరీని బయట ఛార్జ్ చేశాకే బిగించండి.

ఈలోపు దారిలో లైటు నిండుగా వెలిగితే ముందు బెల్టు ఉందో తెగిందో చూడండి. చాలా ఇంజిన్లలో వాటర్ పంపుని తిప్పేది కూడా అదే బెల్టు, తెగితే ఇంజిన్ కాగిపోతుంది, అక్కడే ఆపేయాలి. బెల్టు ఉంటే ఏసీ, బ్లోయర్, స్టీరియో ఆపేసి, ఇంజిన్ ఆపకుండా ఇంటికో మెకానిక్ దగ్గరికో పోనివ్వండి. రాత్రయితే లెక్క మారుతుంది, 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి 9 ఆంపియర్లు దాటి తింటాయి, దానికి తోడు ఇగ్నిషన్, పెట్రోలు పంపు, ఫ్యాను, బ్యాటరీ మీద ఎక్కువ దూరం రాదు. దీన్ని డీజిల్ కారున్నవాళ్లు కూడా చదువుతారు కాబట్టి ఒక మాట: చాలా పాత డీజిల్ కార్లలో బ్రేకుని తేలిక చేసే బూస్టర్‌కి కావాల్సిన వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది, అక్కడ బెల్టు తెగితే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. ఆ పంపు సీలు పోతే ఇంజిన్ ఆయిల్ ఆల్టర్నేటర్ లోపలికి చేరి కార్బన్లని ముద్ద చేస్తుంది, సీలు మార్చకుండా కార్బన్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

కొలతలు తీశాక ఇక్కడే రాయండి: రాత్రంతా ఆగిన బ్యాటరీ వోల్టేజీ, చల్లగా ఉన్నప్పుడూ లైటు వెలిగినప్పుడూ బ్యాటరీ దగ్గరా బి ప్లస్ దగ్గరా అంకెలు, రెండు వోల్టేజీ డ్రాప్‌లు, ఏసీ వోల్టులు, రాత్రి లీకు ఎన్ని మిల్లీఆంపియర్లు. ఆల్టర్నేటర్ వెనక ప్లగ్గు ఫోటో కూడా పెడితే అది ఏ రకమో చూసి ఏ పిన్ను ఏంటో చెప్తాను.